వ్రాయని యాత్రికుల మనుమలు

వేసవి సెలవులు ముగిసి పాఠశాల తెరచిన మొదటి వారమున, తొమ్మిదవ తరగతి పిల్లలను ‘నా ప్రయాణము’ అను వ్యాసము వ్రాయుమంటిని. వారిలో పెక్కుమంది పాలమూరు, కరీంనగరు ప్రాంతములలోని స్వగ్రామములకు పోయి వచ్చినవారే. అయినను మూడు నాలుగు వాక్యములకే కలములు ఆగిపోయినవి. కారణమడుగగా ఒక బాలుడు, “మేము చూచినది లండనా సార్, ప్యారిసా, వ్రాయుటకు?” అనెను. తరగతి అంతయు నవ్వినది. నేనును నవ్వితిని గాని, ఆ మాట నన్ను విడువలేదు.

ఊరి గొప్ప చూచువాని కంటిలో నున్నదని నా నమ్మకము. ఇందుకు మన భాషలోనే సాక్ష్యము కలదు. మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రిటరుగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18వ తేదీన కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరెను. దారిలో తాను చూచినదెల్ల వ్రాసి మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లకు పంపుచుండెను. అది 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయినది. హైదరాబాదును చూచినప్పుడు హుస్సేనుసాగరు చెరువును వర్ణించి ఊరకుండక, ఆయుధములు ధరించి వీథులలో తిరుగు జనుల సంగతియు వ్రాసెను. కుంఫిణీవారి రాజధానియైన కలకత్తాను కూడ ఆ కంటితోనే చూచెను. నీళ్లు ఎట్టివి, సరకులు దొరకునా, బాటసారికి భయము లేదా అనునవి ఆయన అడిగిన ప్రశ్నలు. ఇవి పెద్ద చదువులు లేని మన అవ్వలు కూడ అడుగు ప్రశ్నలే.

1870 ప్రాంతముల పోతం జానకమ్మ అను తెలుగు వనిత మద్రాసు నుండి ఇంగ్లండుకు పోయి, తన అనుభవములను తెలుగున వ్రాసెను. ఆమెయే దానిని ఆంగ్లమునకు మార్చి 1876లో ప్రచురించెను. ఆ ఆంగ్లగ్రంథము నిలిచినది. తెలుగున పుట్టిన ఆ రచనను మన కాలమున మరల ఆంగ్లము నుండి తెలుగు చేసికొనవలసి వచ్చినది! మన మాటలను మనము భద్రపరచుకొననిచో జరుగునది ఇదియే.

ఇక ఆ బాలుడు చెప్పిన ప్యారిసు సంగతి. 1853 నుండి హౌస్‌మన్ అను అధికారి ఇరుకు సందులను కూల్చి విశాలమైన రాజవీథులు వేయించెను. లోకమెల్ల వచ్చి మెచ్చుకొనెను. కాని ఆ సందులలో కాపురముండిన కూలివారిలో ఎందరో నగరపు అంచులకు నెట్టబడిరి. దీపముల వరుసలను చూచి మురిసినవారిలో వారి జాడ అడిగినవారు కొందరే.

బొంబాయి మాత్రము వేరా? 18వ శతాబ్ది చివర నుండి నిజాము రాజ్యపు తెలుగువారు ఇచ్చటికి వచ్చి రాళ్లు మోసి, గోడలు లేపిరి. వారిని కామాఠీలనిరి. వారు నివసించిన చోటు కామాఠిపుర మైనది. పిమ్మట మన పద్మశాలీలు మిల్లులలో మగ్గములు నడిపిరి. వారును 19వ శతాబ్దపు యాత్రికులే. పల్లెను, పట్టణమును రెంటిని చూచినవారే. కాని అక్షరము రానందున ఒక్క పుటయైన వ్రాయలేదు. ఒక పేటకు పేరు మాత్రము మిగిల్చి పోయిరి.

నేడు వర్లిలో 1920 ప్రాంతముల కట్టిన బి.డి.డి. చాళ్లు ఒకటొకటిగా నేలమట్టమగుచున్నవి. 160 చదరపు టడుగుల గదికి బదులు 500 చదరపు టడుగుల ఇల్లు ఇచ్చు పథకమిది. 2025 ఆగస్టులో 556 కుటుంబములకు తాళములు అందినవి. సంతోషమే. ఒకే గదిలో పదిమంది పండుకొనిన కష్టమును పొగడువాడను కాను. కాని ఆ నడవాలో బతుకమ్మ ఎట్లు పేర్చిరి, కొళాయి వద్ద వరుస ఎట్లు కట్టిరి, ఊరి నుండి వచ్చినవాడు మొదటి రాత్రి ఎచ్చట పండుకొనెను అనునవి కొత్త గోడలు చెప్పవు.

తలిదండ్రులారా! “తెలుగు వ్యాసము కూడు పెట్టునా?” అని మీరడుగుట న్యాయమే. ఆంగ్లము, మరాఠీ తప్పక నేర్పుడు. వీరాస్వామయ్య కూడు తినినది ఆంగ్లము వలననే. కాని చూచినది వ్రాయవలసి వచ్చినప్పుడు ఆయన తన భాషనే పట్టెను. బిడ్డ తెలుగున వ్రాయలేని నాడు అవ్వ మాట అవ్వతోనే పోవును.

విద్యార్థులారా! ఈ వారము మీ తాత నో, అవ్వ నో మూడు ప్రశ్నలడుగుడు. ఏ ఊరి నుండి వచ్చితివి? దారిలో ఏమి తింటివి? ఈ నగరమున నిన్ను మొదట భయపెట్టినదేది? విన్నది విన్నట్లు వ్రాసి తెండు. తప్పులు నేను దిద్దెదను. లండను, ప్యారిసులను గూర్చి వ్రాయుటకు లోకమున చాలమంది కలరు. మీ అవ్వను గూర్చి వ్రాయుటకు మీరు తప్ప వేరెవ్వరును లేరు.