షెడ్డులో పాత పెట్రోలు – బాధ్యత ఎవరిది?



జీతాల రోజున మిల్లు గేటు ముందు ఈ మధ్య ఒక కొత్త వ్యాపారం మొదలైంది. చిన్న సీసాలో ఎర్రటి ద్రవం. "ట్యాంకులో ఒక మూత పోస్తే చాలు, ఇంజను చెడదు, పెట్రోలు పాడుకాదు" అని అమ్ముతున్నారు. తిరుత్తణి వైపు నుంచి మోపెడ్ల మీద వచ్చే తమ్ముళ్ళు చాలామంది కొన్నారు. వాళ్ళలో ఒకతను యూనియన్ ఆఫీసుకు వచ్చి, "అన్నా, ఇది నిజంగా పనిచేస్తుందా, మోసమా?" అని అడిగాడు. మెకానిక్కును అడగవలసిన మాట సెక్రటరీని అడుగుతున్నాడే అనుకున్నాను. ఆలోచించి చూస్తే ఇది యూనియన్ అడగవలసిన ప్రశ్నే.

1994 ఎండాకాలం. నేను వేరొక మిల్లులో రింగ్ ఫ్రేము సైడరుగా ఉన్నాను. మధ్యాహ్నం షిఫ్టులో పత్తి గోడౌనులో పొగ లేచింది. షెడ్డులో పెట్రోలు ఇంజను ఫైర్ పంపు ఉంది. నలుగురం దాన్ని తోసుకొచ్చాం. తాడు లాగాం, మళ్ళీ లాగాం, చేతులు బొబ్బలెక్కేదాకా లాగాం. ఇంజను అందుకోలేదు. చివరికి ఇసుక బకెట్లతో, తొట్టి నీళ్ళతో మంటను ఆపాం. దేవుడి దయవల్ల ప్రాణం పోలేదు. బేళ్ళు లాగుతూ మా తోటి కార్మికుడొకడు రెండు చేతులూ మోచేతుల దాకా కాల్చుకున్నాడు.

మరునాడు కార్బొరేటర్ విప్పితే లోపల వేపబంకలాంటి జిగురు. జెట్టు రంధ్రం పూర్తిగా మూసుకుపోయింది. ఆ ట్యాంకులో పెట్రోలు ఎప్పుడు పోశారో చెప్పగల మనిషి లేడు. అయినా మెమో ఎవరికి వచ్చింది? ఫిట్టరుకు! "ఇంజను స్టార్టు చేయడంలో అలసత్వం" అట. పాత పెట్రోలుకు శిక్ష ఫిట్టరు అనుభవించాడు.

పెట్రోలు ఎందుకు పాడవుతుందో మనం తెలుసుకోవాలి. తెలియకపోతే ఎవరు ఏ సీసా అమ్మినా కొంటాం, ఎవరు ఏ మెమో ఇచ్చినా తీసుకుంటాం. నిలవ పెట్రోలులో మొదట తేలికగా మండే భాగం ఆవిరై పోతుంది. అందుకే ఇంజను తొందరగా అందుకోదు. మిగిలినది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నెమ్మదిగా జిగురు కడుతుంది. ఎండ, వేడి, రాగి ముక్కలు తగిలితే ఇది ఇంకా వేగంగా జరుగుతుంది. మన తిరువళ్ళూరు ఎండల్లో రేకుల షెడ్డు కింద సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇప్పుడు దీనికి ఇంకొకటి తోడైంది. 1994లో పెట్రోలులో ఇథనాల్ లేదు. 2022 నాటికి 10 శాతం కలిసింది. 2023 ఫిబ్రవరిలో 20 శాతం పెట్రోలు అమ్మకం మొదలై, 2025 నాటికి దేశమంతా అదే వచ్చింది. ఇథనాల్‌కు తేమను పీల్చుకునే గుణం ఉంది. నీళ్ళు కొద్దిగా ఉంటే కలుపుకుని పోతుంది. హద్దు దాటితే ఇథనాలూ నీళ్ళూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. ఇంజనుకు పైపు ఉండేది ఆ అడుగునే! 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానుకు మన జిల్లాలో బళ్ళు నీళ్ళలో మునిగాయి. ట్యాంకులోకి నీళ్ళు పోయిన బండికి ఏ మందు పోసినా లాభం లేదు. కిక్కు కొట్టకుండా ట్యాంకు ఖాళీ చేయించడమే దారి.

మరి సీసా మందు అంతా మోసమేనా? కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. నిలవ పెట్రోలుకు వాడే మంచి మందులో ఆక్సిజన్‌తో కలవకుండా ఆపే పదార్థాలు, తుప్పు పట్టకుండా కాపాడే పదార్థాలు ఉంటాయి. కొత్త పెట్రోలులో, చెప్పిన కొలతలో కలిపి, కార్బొరేటర్ దాకా చేరేలా ఇంజనును కొన్ని నిమిషాలు నడిపితే జిగురు కట్టడం చాలావరకు ఆలస్యమవుతుంది. కానీ పాడైన పెట్రోలును అది బాగుచేయలేదు. విడిపోయిన నీళ్ళను మళ్ళీ కలపలేదు. చద్దన్నం చెడకుండా మజ్జిగ పోయవచ్చు, పులిసి కంపు కొట్టాక పోస్తే ఏం లాభం?

కనుక రోజూ డ్యూటీకి తిరిగే మోపెడ్‌కు ఈ మందు అవసరం లేదు. పోసిన పెట్రోలు వారం పది రోజుల్లో ఖర్చవుతుంది, పాడవడానికి సమయమేది? 20 శాతం ఇథనాల్ వల్ల మైలేజీ తగ్గిందనే మాట నిజమే. పాత రకం ద్విచక్ర వాహనాలకు 3 నుంచి 4 శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. పాత బళ్ళలో కొన్ని రబ్బరు భాగాలు మార్చవలసి రావచ్చని ప్రభుత్వమే 2025లో ఒప్పుకుంది. ఆ ఖర్చు కార్మికుడి నెత్తిన పడటం అన్యాయం, దాని మీద అడుగుదాం. సీసా మందు ఆ మైలేజీని తిరిగి తేదు.

ఇంట్లో నిలవ పెట్టేవాళ్ళకు ఒక హెచ్చరిక. పొదటూరుపేట, పళ్ళిపట్టు వైపు ఇళ్ళలోనే మరమగ్గాలున్నాయి. మగ్గం పక్కనే నీళ్ళ బాటిల్లో పెట్రోలు పెట్టడం నేను కళ్ళారా చూశాను. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేల మీదే పాకుతుంది. అక్కడ నూలు దూది ఎగురుతుంది, మోటారు నిప్పురవ్వ ఉంటుంది, పిల్లలు పడుకునే చాప ఉంటుంది. 1934 పెట్రోలియం చట్టం ప్రకారం అమ్మకానికి కాని పెట్రోలు లైసెన్సు లేకుండా 30 లీటర్లకు మించి ఉండకూడదు. గట్టి మూత ఉన్న గాజు, పింగాణీ సీసాలైతే లీటరు దాకా, లోహపు డబ్బా అయితే 25 లీటర్ల దాకా. అందులో నీళ్ళ బాటిల్ మాట లేదు.

మందు కలిపే చేతుల గురించి కూడా చెప్పాలి. ఇంజను కొట్టుకోకుండా పెట్రోలులో సీసం మందు కలపవచ్చని 1921లో అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ కనుగొన్నాడు. 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే రిఫైనరీలో ఆ మందు తయారుచేస్తూ విషమెక్కి ఐదుగురు కార్మికులు చనిపోయారు. అయినా వ్యాపారం ఆగలేదు. మన దేశంలో 2000 ఫిబ్రవరిలో సీసం పెట్రోలు నిలిచింది. ప్రపంచంలో చివరగా అల్జీరియాలో నిలిచింది 2021లో. ఇంజనుకు మంచిదని చెప్పిన మందు మనిషికి మంచిదా అని మొదటే అడిగి ఉంటే ఆ ఐదుగురూ బతికేవారు. అందుకే సీసా మీద ఏముందో చదవకుండా మన ఫిట్టరు చేతిలో పెట్టనివ్వకూడదు.

ఈ మందుకు న్యాయమైన చోటు ఒకటుంది. నెలల తరబడి కదలకుండా ఉండి, అవసరమైన క్షణంలో మాత్రం తప్పక కదలవలసిన ఇంజను. అది మన మోపెడ్ కాదు, మిల్లు ఫైర్ పంపు. కాబట్టి సంఘం తరఫున మేనేజ్‌మెంటు ముందు ఈ కోర్కెలు పెడుతున్నాం:

1. ఫైర్ పంపులో, అత్యవసర ఇంజన్లలో పెట్రోలు ఏ తేదీన పోశారో డబ్బా మీద, రిజిస్టరులో రాయాలి. మూడు నెలలు దాటకముందే దాన్ని నడిచే బళ్ళలో వాడేసి, కొత్తది పోయాలి.

2. నిలవ మందు యాజమాన్యం ఖర్చుతో కొనాలి. అందులో ఏముందో, ఎలా వాడాలో తెలుగులో, తమిళంలో రాసి పెట్టాలి. కలిపేవాళ్ళకు గ్లౌజులివ్వాలి.

3. వారానికొకసారి కార్మిక ప్రతినిధి ఎదుట ఇంజను స్టార్టు చేసి చూపించాలి.

4. రిజిస్టరు లేని ఇంజను స్టార్టు కాకపోతే కార్మికుడికి మెమో ఇవ్వకూడదు.

ఖర్చు ఎక్కువంటారేమో. ఒక పత్తి బేలు ధర లెక్క వేసుకోమనండి. చేతులు కాల్చుకున్న ఆ తోటి కార్మికుడు తర్వాత రింగ్ ఫ్రేము మీద తెగిన పోగు అతకలేకపోయాడు. వేళ్ళు ముడుచుకుపోయాయి. ఆ వేళ్ళ ధర ఏ లెక్కలో వేస్తారు?

సోదరులారా, వచ్చే షిఫ్టుకు పోయేటప్పుడు ఒక్క పని చేయండి. షెడ్డు దగ్గర ఆగి, "ఈ పెట్రోలు ఎప్పుడు పోశారు?" అని అడగండి. జవాబు రాకపోతే యూనియన్ ఆఫీసుకు వచ్చి చెప్పండి.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!

– కార్యదర్శి