చలి కాచుకోమని చెప్పే ముందు



దామరచర్ల అంటే ఎవరికైనా ముందు ఎండలే గుర్తుకు వస్తాయి. చలికి మన ఇండ్లు గాని, మన పెట్టెలలోని బట్టలు గాని అలవాటు పడినవి కావు. అందుకే 2018 డిసెంబరు మాకు ఇంకా జ్ఞాపకమున్నది. ఆ నెల 17న పెథాయ్ తుపాను నాటి తూర్పు గోదావరి జిల్లా కాట్రేనికోన దగ్గర తీరము దాటినది. అది అంత దూరమున ఉన్నా, ఇక్కడ మబ్బు, ముసురు, ఈదురుగాలి. పట్టపగలే ఎండ లేక వణికించిన చలి.

క్రిస్మస్ పనుల రోజులవి. కట్టెలు తడిసి పొగ తప్ప మంట లేదు. ఉతికిన బట్టలు ఆరవు. కొబ్బరినూనె సీసాలోనే గడ్డ కట్టినది. బండి ఎన్ని కిక్కులు కొట్టినా స్టార్టు కాదు. కాగులోని వేడినీళ్లు ఎవరు ముందు తోడుకోవాలని పిల్లల తగవు. వీటిలో ఏదీ పెద్ద కష్టము కాదు. అయితే పెద్ద కష్టములో మోకాళ్లూనే మనము, చిన్న చిక్కు వచ్చేసరికి కేకలు వేస్తాము.

ఒక ఉదయము పాలు చాలా ఆలస్యముగా వచ్చినవి. టీ లేక విసిగియున్న మేము, పాలు పోసే తల్లిని వాకిట్లోనే "ఇదేనమ్మా వచ్చే వేళ?" అని గద్దించాము. ఆమె తలమీద తడిసిన గోనె సంచి కప్పుకొని ఉన్నది.

"ఏం జేయాలె అయ్యగారూ, దూడ రాత్రంత సలికి వణికింది. ఉన్న ఒక్క దుప్పటి దానికే కప్పిన" అన్నది.

మాకు సిగ్గు కలిగినది. ఏదో ఒక మంచిమాట చెప్పి పంపాలని, "సరే, ఇంటికి పోయి చలి కాచుకో అమ్మా" అన్నాము. ఆమె తలూపి వెళ్లినది. లోపలికి రాగానే మా ఇంటివారు ఒకే మాట అడిగారు: "దేనితో కాచుకోవాలండీ?"

యాకోబు పత్రిక 2:15, 16 వచనములు ఎన్ని ప్రసంగములలో చదివామో! బట్టలు లేనివారికి ఏమియు ఇయ్యక వట్టి మాటతో పంపివేసే విశ్వాసిని గూర్చి అపొస్తలుడు అక్కడ అడుగుచున్నాడు. సరిగ్గా ఆ మాటే మా నోట వచ్చినది. మా ట్రంకు పెట్టెలో చుట్టముల కొరకు దాచిన దుప్పట్లు రెండున్నవి. సాయంత్రము ఒకటి తీసుకొని ఆమె ఇంటికి వెళ్లాము. మరునాడు కూడ పాలు ఆలస్యముగానే వచ్చినవి గాని, మాకు కోపము రాలేదు.

వాతావరణ శాఖ లెక్క ప్రకారము మైదాన ప్రాంతములో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు గాని అంతకు తక్కువకు గాని దిగి, మామూలు కంటె కనీసము 4.5 డిగ్రీలు తగ్గితే శీతల గాలులు అంటారు. తడిసిన గోనె కప్పుకొన్నవారికి ఈ లెక్కతో పని లేదు. తడి ఒంటికి గాలి తగిలితే అంత చలి లేకపోయినా వణుకు పుడుతుంది.

అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయము చూడండి. ఓడ పగిలి 276 మంది మెలితే ద్వీపమునకు చేరినప్పుడు వాన, చలి. ప్రభువును ఎరుగని ఆ ద్వీపవాసులే నిప్పు రాజబెట్టి అందరినీ చేర్చుకొన్నారు. పౌలు కూర్చుండి చలి కాచుకొనలేదు. తానే పుల్లలు ఏరి తెచ్చి మంటలో వేశాడు. మన ఇండ్లలో తెల్లవారుజామున లేచి తడి కట్టెలను ఊదేది ఎవరు? టీ ఆలస్యమైనదని మంచములో నుండి అడిగేది ఎవరు? సహోదరులారా, మనమూ పుల్లలు ఏరవచ్చును.

చలి ముదిరిన రోజులలో ముసలివారిని, పసిబిడ్డలను తడి బట్టలతో ఉంచకండి. తలుపులన్నీ మూసి గదిలో కుంపటి పెట్టుకొని నిద్రించకండి. బొగ్గుల నుండి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ వాసన లేని విషవాయువు, నిద్రలోనే ప్రాణము తీస్తుంది. పెట్టె తెరచి, వాడని దుప్పటి ఒకటి బయటికి తీయండి. మీ వీధిలో అది ఎవరికి కావలెనో మీకు తెలియును.

చిన్న చిక్కులలో మన నోటికి కావలియుంచి, మన చేతులను తెరచునట్లు ప్రభువు మనకు సహాయము చేయును గాక. ఆమేన్.