అంట్లు తోమడానికి అంత దూరమా?

బర్నింగ్ మ్యాన్ పేరు చెప్తే మన హాస్టల్లో రెండే రియాక్షన్లు వస్తాయి. ఒకటి, "రీల్స్‌లో చూశాం, పిచ్చి డ్రెస్సులు వేసుకుని దుమ్ములో డాన్సులు చేస్తారు, అదే కదా?" రెండోది సీఎస్ఈ వాళ్ల రియాక్షన్. "పెద్ద పెద్ద సీఈఓలు వెళ్తారు బ్రో, అదంతా నెట్‌వర్కింగ్." ఈ రెండో మాటలో కొంచెం నిజం లేకపోలేదు. 1998లో గూగుల్ పెట్టిన మొట్టమొదటి డూడుల్ బర్నింగ్ మ్యాన్ బొమ్మే. లారీ పేజ్, సెర్గీ బ్రిన్ ఇద్దరూ ఆ ఎడారికి వెళ్తూ, మేం ఆఫీసులో లేమని చెప్పడానికి పెట్టుకున్న బోర్డు లాంటిది.

నాకు మూడో అభిప్రాయం ఉంది. అక్కడికెళ్లి "నా లైఫ్ మారిపోయింది" అనేవాళ్లలో చాలామంది అబద్ధం చెప్పడం లేదు. అయితే వాళ్లను మార్చింది వాళ్లు అనుకునే స్వేచ్ఛ కాదు, క్యాంపులో గోడకి అంటించిన డ్యూటీ లిస్టు అని నేనంటాను.

నేను వెళ్లలేదు. 2023లో మా అన్నయ్య వెళ్లాడు. పెదనాన్న కొడుకు, ఒక్కడే కొడుకు. శాన్ హోసేలో సాఫ్ట్‌వేర్ జాబ్. ఆఫీసులో ఒకతను రమ్మంటే వెళ్లాడు. నేను రాసేదంతా వాడు చెప్పినవి, నేను చదివినవి, మిగతాది నా వాదన.

ముందు ఆ ఊరి సంగతి. 1986లో లారీ హార్వీ, జెర్రీ జేమ్స్ అనే ఇద్దరు స్నేహితులు శాన్‌ఫ్రాన్సిస్కోలో బేకర్ బీచ్ దగ్గర ఎనిమిది అడుగుల చెక్క మనిషిని చేసి కాల్చారు. ఏటేటా జనం పెరిగారు, బొమ్మ పెరిగింది. 1990లో బీచ్‌లో కాల్చనివ్వకపోతే నెవాడాలోని బ్లాక్ రాక్ ఎడారికి తీసుకెళ్లారు. ఎడారి అంటే ఇసుక దిబ్బలు కావు. ఎప్పుడో ఎండిపోయిన సరస్సు అడుగు, బల్లపరుపుగా ఉంటుంది. చెట్టు లేదు, నీళ్లు లేవు. పౌడర్ లాంటి తెల్లటి క్షార ధూళి. చెప్పుల్లేకుండా తిరిగితే పాదాలు పగిలిపోతాయి, అందుకే వెనిగర్ కలిపిన నీళ్లతో కడుక్కుంటారట. అలాంటి చోట ఆగస్టు చివర్లో 70 వేల మందికి పైగా వచ్చి వారం రోజుల ఊరు కడతారు. మధ్యలో బొమ్మ, చుట్టూ వంపు తిరిగిన వీధులు. అడ్రస్ గడియారం లెక్కన ఉంటుంది: ఏడున్నర గంటల రోడ్డు, 'ఈ' వీధి. అంటే మన ఫస్టియర్‌ పోలార్ కోఆర్డినేట్సే, కోణం ఒకటి, వ్యాసార్ధం ఒకటి. దాదాపు ఐస్ తప్ప అక్కడ ఏమీ అమ్మరు. నీళ్లతో సహా ఎవరికి కావలసింది వాళ్లు తెచ్చుకోవాలి, లేదా ఎవరైనా ఊరికే ఇస్తే తీసుకోవాలి. వారం అయ్యాక ఆ ఊరు ఉండదు.

వాడు చెప్పిన వాటిలో నన్ను పట్టేసినవి ఆర్ట్, మ్యూజిక్ కావు. అంట్లు.

అక్కడ చాలామంది క్యాంపులుగా ఉంటారు. పదిమందివీ ఉంటాయి, వందల మందివీ ఉంటాయి. వంటిల్లు, నీడకి గుడ్డ పందిరి, జనరేటర్ అన్నీ ఉమ్మడి. ప్రతి క్యాంపూ ఊరికి ఏదో ఒకటి ఇవ్వాలి. అన్నయ్య వాళ్లది పొద్దున్నే టీ కాచి దారినపోయే వాళ్లకి పోసే క్యాంపు. మొదటిరోజే వాడి చేతికి లిస్టు ఇచ్చారు. రెండు పొద్దులు టీ, మూడు సాయంత్రాలు అంట్లు, చివర్లో పందిరి విప్పడం. ఖమ్మంలో తిన్న కంచం తీసి సింకులో వేయని మనిషి ఇతను. పెద్దమ్మ వేయనిచ్చేది కాదు, అది వేరే సంగతి.

అంట్లు తోమడం కూడా అక్కడ మామూలు పని కాదు. సబ్బునీళ్లు నేల మీద పారబోయకూడదు. ఒక్క గిన్నె నీళ్లు కూడా. పట్టుకుని తిరిగి ఇంటికి మోసుకుపోవాలి, లేదంటే నల్లటి ప్లాస్టిక్ షీట్ మీద ఎండబెట్టి ఆవిరి చేయాలి. అందుకని ఎంత తక్కువ నీళ్లతో తోమితే అంత మంచిది. వాడికి నేర్పింది అరవై దాటిన ఒక రిటైర్డ్ నర్సు. ముందు రొట్టె ముక్కతో తుడువు, తర్వాత స్ప్రే బాటిల్, ఆఖర్న మాత్రమే నీళ్లు. చెత్త కూడా అంతే. పండగ అయ్యాక ఒక టీమ్ వరుసగా నిలబడి నేలంతా నడిచి చూస్తుంది. ఏ క్యాంపు జాగాలో చెత్త దొరికిందో మ్యాప్‌లో రంగులతో పెడతారు, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. ఆ తర్వాత ప్రభుత్వ భూముల శాఖ వచ్చి కొలుస్తుంది. ఎకరానికి సగటున ఒక చదరపు అడుగు కంటే ఎక్కువ చెత్త ఉండకూడదు. గింజ తొక్క, బట్టల మీది తళుకు ఊడిపడినా లెక్కే.

లారీ హార్వీ 2004లో పది సూత్రాలు రాశాడు. అందులో "ఎవరి కాళ్ల మీద వాళ్లు నిలబడాలి" అని ఒకటి ఉంది, "అందరూ కలిసి పనిచేయాలి" అని ఇంకొకటి ఉంది. మొదట చదివినప్పుడు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి కదా అనుకున్నాను. అన్నయ్య వారం విన్నాక అర్థమైంది. ఆఫీసులో వాడు ఒకరోజు రాకపోతే టికెట్ ఇంకొకరికి అసైన్ అవుతుంది, అంతే. ఇక్కడ వాడు లేవకపోతే టీ లేదు. ఆరింటికి గ్లాసు పట్టుకుని నిలబడ్డ మనిషి ఖాళీ గ్లాసుతో వెళ్లిపోతాడు. నువ్వు లేకపోతే తేడా పడే చోటు ఒకటి ఉండటం, అదీ విషయం. మనలో ఎంతమందికి అలాంటి చోటు ఉంది? నేను మూడు రోజులు క్లాసుకి వెళ్లకపోతే తెలిసేది అటెండెన్స్ పోర్టల్‌కి మాత్రమే.

విమర్శలు నాకూ తెలుసు. 2023లో మామూలు టికెట్ 575 డాలర్లు, బండికి పాస్ ఇంకో 150. గుడారం, నీళ్లు, ప్రయాణం వేరే. అక్కడి వాళ్లే తీసే జనాభా లెక్కల్లో తెల్లవాళ్లే ఎక్కువ. కొంతమంది డబ్బున్నవాళ్లు వంటవాళ్లని, పనివాళ్లని పెట్టుకుని ఏసీ బండ్లలో వచ్చి ఉండిపోతారు. జనరేటర్లు, విమానాలు, తగలబెట్టే కలప చూస్తే "ఆనవాలు మిగల్చం" అనే మాట నేల వరకే, ఆకాశానికి వర్తించదు. ఇవన్నీ నిజమే. ఏసీ బండి వాళ్ల గురించి నా వాదనా అదే మాట చెప్తుంది. వాళ్లు అదే దుమ్ములో, అదే మంట చూసి, వెళ్లినట్టే తిరిగొస్తారు. అంట్లు వాళ్లు తోమలేదు మరి.

2022లో నేచర్ కమ్యూనికేషన్స్ అనే జర్నల్‌లో ఒక స్టడీ వచ్చింది. బర్నింగ్ మ్యాన్‌తో పాటు అమెరికా, బ్రిటన్‌లలో ఇలాంటి పండగలకి వెళ్లిన వెయ్యిమందికి పైగా జనాన్ని అడిగారు. చాలామంది తమలో మార్పు వచ్చిందన్నారు, తమకి సంబంధం లేని మనుషుల గురించి కూడా పట్టించుకోవడం పెరిగిందని తేలింది. వాళ్ల నోటితో వాళ్లు చెప్పిందే కాబట్టి నేను మరీ గట్టిగా పట్టుకోను. కానీ కొట్టిపారేయను కూడా.

ఆ ఏడాది సెప్టెంబర్ 1న వాన మొదలైంది. ఆ ధూళి తడిస్తే జిగురు మట్టి అవుతుంది, అడుగు వేస్తే చెప్పుకి కిలో మట్టి. బండ్లు కదలకూడదన్నారు, గేట్లు మూసేశారు, ఉన్న తిండీ నీళ్లూ పొదుపుగా వాడుకోమన్నారు. వార్తల్లో "ఎడారిలో చిక్కుకున్న వేలమంది" అని వస్తుంటే ఇక్కడ పెద్దమ్మ దేవుడి గదిలోంచి బయటికి రాలేదు. అక్కడ వీడు షూకి ప్లాస్టిక్ కవర్లు కట్టుకుని పక్క క్యాంపులకి టీ మోస్తున్నాడు. ఫోన్ దొరకగానే మొదట చెప్పింది, "అమ్మా, చక్కెర అయిపోయింది, బెల్లం ఉన్నా బాగుండేది."

ఇప్పుడు అసలు సంగతి. ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించి, అన్నయ్యని అడిగి రాస్తున్నాను.

2021 మేలో పెదనాన్న గుండెపోటుతో పోయారు. సెకండ్ వేవ్ రోజులు. అన్నయ్య బయల్దేరితే తిరిగి వెళ్లడానికి దారి లేదు, ఇండియా నుంచి అమెరికా రానివ్వడం లేదు, వీసా స్టాంపింగ్ లేదు. తలకొరివి మా నాన్న పెట్టారు. ఫోన్ పట్టుకుని వీడియో కాల్ చూపించింది నేను. ఎండకి స్క్రీన్ సరిగ్గా కనపడలేదు. అన్నయ్య ఏమంటున్నాడో వినపడలేదు. మధ్యలో రెండుసార్లు కట్ అయింది.

బ్లాక్ రాక్‌లో ప్రతి ఏడూ ఒక చెక్క గుడి కడతారు. దేవుడు ఉండడు. 2000లో డేవిడ్ బెస్ట్ అనే ఆర్టిస్టు టీమ్‌లో ఒక స్నేహితుడు మోటార్‌సైకిల్ ప్రమాదంలో చనిపోయాడు, వాళ్లు కడుతున్న కట్టడం అతని జ్ఞాపకంగా మారింది, జనం తమ వాళ్ల పేర్లు కూడా రాయడం మొదలుపెట్టారు. అప్పట్నుంచి అది ఆనవాయితీ. పోయినవాళ్ల ఫోటోలు, ఉత్తరాలు పెడతారు. బొమ్మని కాల్చే రాత్రి కేకలు, డప్పులు. గుడిని కాల్చే రాత్రి వేలమంది మాట్లాడకుండా కూర్చుంటారు. 2023లో వాన వల్ల అది మంగళవారానికి పోయింది, సగంపైగా జనం అప్పటికే వెళ్లిపోయారు. పందిరి విప్పే డ్యూటీ వాడిది కాబట్టి ఉండిపోయాడు. వాడు పెదనాన్న పాస్‌పోర్ట్ సైజు ఫోటో ఒకటి పర్సులో పెట్టుకుని తిరిగేవాడు. అది అక్కడ పెట్టాడు. కాలుతున్నంతసేపూ ఆ నర్సు వాడి పక్కన కూర్చుంది. ఏమీ అనలేదట. చెయ్యి మాత్రం పట్టుకుంది.

పోయిన డిసెంబర్‌లో ఇంటికొచ్చినప్పుడు పెద్దమ్మకి ఇది చెప్పాడు. ఆమె గిన్నె పక్కన పెట్టి, "మీ నాన్నని ఇంకోసారి కాల్చావా?" అంది. రెండు రోజులు వాడితో మాట్లాడలేదు.

పెద్దమ్మది తప్పని నేను అనలేను. పోయినవాళ్ల ఫోటోకి దండ వేసి గోడకి పెట్టుకునే ఇల్లు మాది, ఫోటో కింద పడితేనే గుండె ఆగుతుంది. కానీ ఆ రోజు ఫోన్ పట్టుకున్నవాడిని కాబట్టి నాకు ఇంకోటి కూడా తెలుసు. అన్నయ్యకి అది రెండోసారి కాదు. మొదటిసారి. మొదటిసారి వాడు అక్కడ లేడు, సిగ్నల్ కూడా లేదు. అదే మాట నేను పెద్దమ్మతో అన్నాను, ఇంట్లో చిన్నవాడిని కాబట్టి తిట్లు తినే ధైర్యంతో.

వాడేం పూర్తిగా మారిపోయి రాలేదు. జాబ్ అదే, కోపం అదే, క్రికెట్ ఓడిపోతే టీవీ మీద అరవడం అదే. తిన్న కంచం కడుగుతున్నాడు, అందరివీ కడుగుతున్నాడు. రొట్టె ముక్కతో ముందు తుడుస్తున్నాడు, పెద్దమ్మకి ఒళ్లు మండేలా. పక్కింటి తాతగారికి పొద్దున్నే టీ పట్టుకెళ్తున్నాడు. పోయినసారి వచ్చినప్పుడు ఆయన పేరు కూడా వాడికి తెలీదు.

మూడో రోజు పెద్దమ్మే కదిలించింది. ఫోటో మాట ఎత్తలేదు. "ఆ నర్సమ్మ కారం తింటుందా?" అని అడిగింది. వాడు వెళ్లేటప్పుడు సూట్‌కేసులో రెండు ఆవకాయ డబ్బాలు. గాజు సీసాల్లో పెట్టబోతే వాడు ఆపాడు, అక్కడ గాజు పగిలితే ముక్కలు ఏరలేమమ్మా, ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టు అని.