పరిశోధనకు దగ్గర, వైద్యానికి దూరం

ఆరోగ్యశ్రీ పరిమితి పెరిగిన ప్రతిసారీ మా మండల కేంద్రాల్లో కూడా ఫ్లెక్సీలు లేస్తాయి. 2007లో మొదలైనప్పుడు కుటుంబానికి ఏడాదికి రెండు లక్షల దాకా అన్నారు. 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం దాన్ని 10 లక్షలు చేసింది. అదే నెలలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 25 లక్షలంది. కేన్సర్ ఆపరేషను, కీమో, రేడియేషను అన్నీ అందులో ఉన్నాయి. మంచిదే. ఆ పథకంతో బతికి బయటపడినవాళ్లు ఉన్నారు, కాదనం. కానీ ఫ్లెక్సీ మీద అంకె ఎంత పెరిగినా, ఆ డబ్బు ఎక్కడ మొదలవుతుందో ఎవరూ చెప్పరు. అది పట్నంలో పెద్దాసుపత్రి గేటు దగ్గర మొదలవుతుంది. ఆ గేటు దాకా రావడం రోగి బాధ్యత.

మా ఆడవాళ్లు ఆ గేటు దాకా ఎలా వస్తారో చెప్తాం. నెలసరి ఆగిపోయిన మనిషికి మళ్లీ నెత్తురు కనిపిస్తుంది. తెల్లబట్ట వాసన వేస్తుంది. నడుం నొప్పి. ఎవరితో చెప్పాలి? మొదట వడ్డె దగ్గరికి, తర్వాత ఊళ్లు తిరిగే ఆర్‌ఎంపీ దగ్గరికి పోతుంది. ఆర్‌ఎంపీ సూది వేసి గోళీలు ఇస్తాడు, రెండు నెలలు గడుస్తాయి. పీహెచ్‌సీకి పోతే రక్తం తక్కువుందని ఐరన్ బిళ్లలిస్తారు. ఏరియా ఆసుపత్రిలో స్త్రీల డాక్టరు ఉన్న రోజు దొరకాలి. అక్కడ అనుమానం వస్తే ముక్క తీసి పరీక్షకు పంపాలంటారు, అందుకు జిల్లా కేంద్రానికి పొమ్మంటారు. కేన్సరని కాగితం మీద రాసి చేతికొచ్చేసరికి ఇంట్లో మేకలు అమ్ముడైపోయి ఉంటాయి. అప్పుడు, అప్పుడు మాత్రమే, ఆ 10 లక్షల కార్డు పనికొస్తుంది.

దాని తర్వాత కథ ఇంకోటి. గర్భసంచి మూతి కేన్సరుకు రేడియేషనంటే వారానికి ఐదు రోజుల చొప్పున ఐదారు వారాలు పట్టే వైద్యం. భద్రాచలం నుంచి హైదరాబాదు 300 కిలోమీటర్ల పైమాటే. రోజూ వచ్చిపోయే దూరం కాదు, అక్కడే ఉండాలి. తోడు ఇంకొకరుండాలి. ఆ ఇద్దరి కూలి పోతుంది, విత్తే కాలమైతే పోడు పోతుంది. ఇంటి దగ్గర పిల్లలకు వండేదెవరు? కార్డు ఆసుపత్రికి డబ్బు కడుతుంది, దారి ఖర్చు కొంత ఇవ్వొచ్చు. ఎండిపోయిన చేనుకు కట్టదు. అందుకే పది సిట్టింగులయ్యాక లేచి ఇంటికొచ్చేవాళ్లున్నారు. ఆసుపత్రి రికార్డులో వాళ్ల పేరు పక్కన మధ్యలో మానేశారని రాస్తారు. ఆమె మానేయలేదు, మీరు ఆమెను అక్కడ నిలబెట్టలేదు.

సరిహద్దు దాటి వచ్చి అడవిలో ఇళ్లు వేసుకున్న గొత్తికోయల సంగతి చెప్పనే అక్కర్లేదు. తెలంగాణలో వాళ్లను ఎస్టీలుగానే ఒప్పుకోరు. చాలామందికి రేషన్ కార్డే లేదు, ఇంక ఆరోగ్యశ్రీ ఏమిటి?

ఇదంతా అడిగితే అధికారులు చెప్పే జవాబు మాకు కంఠతా వచ్చు. ఏజెన్సీ కదా, దూరం కదా, రోడ్లు లేవు, సిబ్బంది రారు, జనం కూడా ముందుకు రారు. ఈ జవాబు అబద్ధం. ఏజెన్సీకి రావడం వాళ్లకు చేతవుతుంది. ఒకసారి వచ్చారు.

2009 జులై. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలను ఎంచుకున్నారు. 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి గర్భసంచి మూతి కేన్సరు రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా మొదలుపెట్టారు. ఒక్కొక్కరికి మూడు డోసులు. టీకా పేరు గార్డసిల్, మెర్క్ అనే అమెరికా కంపెనీది. నడిపించింది పాత్ అనే అమెరికా సంస్థ, దానికి డబ్బిచ్చింది గేట్స్ ఫౌండేషన్. మన భారత వైద్య పరిశోధన మండలి, మన రాష్ట్ర ప్రభుత్వం దానికి తోడు నిలిచాయి. గుజరాత్‌లోని వడోదరలో మరో కంపెనీ టీకాతో ఇలాంటిదే జరిగింది. దీన్ని ప్రయోగమని పిలవలేదు, ప్రదర్శన ప్రాజెక్టన్నారు. టీకాకు మన దేశంలో లైసెన్సు రాకముందే, 2007లోనే, పాత్‌తో ఒప్పందం కుదిరింది.

ఈసారి రోడ్లు అడ్డం రాలేదు. టీకాను చల్లగా ఉంచే పెట్టెలు వచ్చాయి, ఏఎన్‌ఎంలు వచ్చారు, జీపులు వచ్చాయి. మా పిల్లలను ఇల్లిల్లూ తిరిగి వెతకనక్కర్లేకపోయింది, ఎందుకంటే వాళ్లు ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఒక్కచోట దొరుకుతారు. అమ్మానాన్నలు దూరంగా ఊళ్లో ఉంటారు. పిల్ల తరఫున ఎవరో ఒకరు సంతకం పెట్టాలి కదా, వార్డెను ఉన్నాడు.

తర్వాత పార్లమెంటు స్థాయీ సంఘం ముందుకు వచ్చిన లెక్క ఇది: ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలున్నాయి. 1,948 మీద వేలిముద్రలున్నాయి. వేలిముద్ర వేసిన తల్లికి ఆ కాగితంలో ఏముందో ఏ భాషలో చదివి చెప్పారు? కోయలోనా? ఆ ప్రశ్న అడిగినవాళ్లు లేరు. 2010 మార్చిలో సమ అనే స్త్రీల ఆరోగ్య సంస్థవాళ్లు భద్రాచలం ప్రాంతంలో తిరిగి పిల్లలతో, తల్లిదండ్రులతో మాట్లాడి వచ్చాకే విషయం బయటికి పొక్కింది. ఏప్రిల్‌లో కేంద్రం ప్రాజెక్టును ఆపింది.

రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. కేంద్రం వేసిన విచారణ సంఘం ఈ చావులకు టీకాతో సంబంధం కనిపించలేదంది. మేము డాక్టర్లం కాదు, ఆ మాటను కాదనడానికి మా దగ్గర ఆధారం లేదు. కానీ విచారణలో చెప్పిన కారణాలు ఒక్కసారి చదవండి. నీళ్లలో మునగడం. పాముకాటు. పురుగుమందు. మలేరియా. ఇవి మా పిల్లలు ఎలాగూ చచ్చే చావులు కాబట్టి మాది తప్పు కాదని దాని అర్థం. పద్నాలుగేళ్ల పిల్ల మలేరియాతో చనిపోవడం ఒక ప్రభుత్వానికి నిర్దోషి పత్రం ఎలా అవుతుంది? మలేరియా మందు చేరని చోటికి కేన్సర్ టీకా చేరింది, మేము అడుగుతున్నది ఆ సంగతే.

2013 ఆగస్టులో స్థాయీ సంఘం తన 72వ నివేదికలో పాత్‌ను, దానికి సహకరించిన మన సంస్థలను గట్టిగానే తప్పుపట్టింది. పిల్లలకు ఏదైనా జరిగితే వెంటనే చూసే నిపుణుల ఏర్పాటే లేదంది. కేసు సుప్రీంకోర్టుకు పోయింది. 2018 మేలో రాజ్యాంగ ధర్మాసనం తీర్పొకటి వచ్చింది. అది దేని మీద? పార్లమెంటు సంఘం నివేదికను కోర్టు చూడవచ్చా లేదా అనే దాని మీద. చూడవచ్చన్నారు. న్యాయశాస్త్రానికి అది గొప్ప మలుపట, సంతోషం. భద్రాచలం పిల్లలకు ఆ తీర్పులో ఏమొచ్చింది?

ఇక్కడ మా మాటను తప్పుగా పట్టుకోవద్దు. మేము టీకాకు శత్రువులం కాదు. హెచ్‌పీవీ టీకా పనిచేస్తుందని ఇప్పుడు ప్రపంచమంతా తేలింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు కూడా చాలవచ్చంది. మన దేశంలో తయారైన సెర్వావాక్ వచ్చింది. 2024 ఫిబ్రవరి బడ్జెట్లో కేంద్రం 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు ఈ టీకాను ప్రోత్సహిస్తామంది. అది మా పిల్లలకూ అందాలి, ఉచితంగా అందాలి, పట్నం పిల్లలకంటే వెనక కాదు. వాట్సాప్‌లో ఈ టీకా వేస్తే పిల్లలు పుట్టరని తిప్పే ముచ్చట్లను మన యువకులే ముందు ఆపాలి. కానీ 2009లో చేసిన పని వల్లనే ఆ ముచ్చట్లకు ఇంత బలమొచ్చింది. అడగకుండా గుచ్చిన సూది ఒక తరం నమ్మకాన్ని తీసుకుపోయింది, ఆ నష్టాన్ని ఏ ఖాతాలోనూ రాసుకోలేదు.

ఒక లెక్క వేద్దాం. 2009లో 14 ఏళ్లున్న పిల్లకు ఇప్పుడు ముప్పై దాటింది. ప్రభుత్వం రాసుకున్న నిబంధనల ప్రకారమే 30 ఏళ్లు దాటిన ప్రతి స్త్రీకీ గర్భసంచి మూతి, రొమ్ము, నోటి కేన్సర్ పరీక్షలు చేయాలి. అంటే ఆ 14 వేల మందిలో పెద్దవాళ్లు సరిగ్గా ఇప్పుడు పరీక్ష వయసుకు వచ్చారు. వాళ్ల పేర్లు ఏ బీరువాలో ఉన్నాయి? పరిశోధన నిజంగా వాళ్ల కోసమే అయితే వాళ్ల గుమ్మంలో ఇవాళ ఒక నర్సు నిలబడి ఉండాలి.

ఆ పరీక్షకేమైనా కోట్లు కావాలా? పలచటి వెనిగర్ లాంటి ద్రావణం దూదితో అద్ది, ఒక నిమిషం ఆగి, తెల్లమచ్చ పడిందో లేదో చూడటం. శిక్షణ ఇస్తే నర్సు చేయగలదు. అయినా జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో (2019-21) దేశం మొత్తం మీద 30 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో ఈ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు నూటికి ఇద్దరు కూడా తేలలేదు. పరీక్షలు ఉండవు గానీ కేన్సర్ భయం మాత్రం బాగా అమ్ముడుపోయింది. గర్భసంచి తీయించుకోకపోతే కేన్సరవుతుందని భయపెట్టి పడుచుదనంలోనే ఆడవాళ్ల గర్భసంచులు కోసిపడేసిన గొడవ ఉమ్మడి రాష్ట్రంలో అందరికీ తెలుసు. కోతకు డబ్బు దొరికింది, దూదికి దొరకలేదు.

నోటి కేన్సరుదీ ఇదే కథ. ఉత్తరాంధ్రలో చుట్ట నిప్పును నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డ పొగ అలవాటు వైద్య పుస్తకాలకెక్కింది. 1960లలో టాటా మౌలిక పరిశోధనా సంస్థవాళ్లు దేశంలో ఐదు జిల్లాల్లో 50,915 మంది పల్లె జనం నోళ్లు తెరిపించి చూశారు. ఆ ఐదింటిలో శ్రీకాకుళం ఒకటి. పార్వతీపురం, సీతంపేట మన్యం అప్పుడు ఆ జిల్లాలోనే ఉండేది. అంగిలి మీద ఏ మచ్చ ఎలా మారుతుందో ఆ నోళ్ల నుంచే ప్రపంచం నేర్చుకుంది. ఆ చదువు చాలా విలువైనదని ఒప్పుకుంటాం. అరవై ఏళ్లు కావస్తోంది. చుట్ట తాగే మా అవ్వల నోట్లోకి టార్చిలైటు వేసి చూసే మనిషి ప్రతి ఉపకేంద్రంలో ఉన్నాడా?

ఏజెన్సీలో కేన్సర్ తక్కువని కొందరు డాక్టర్లే అంటుంటారు. అడవి తిండి తింటారు, కష్టం చేస్తారు, వీళ్లకెందుకొస్తుందని. వినడానికి బాగానే ఉంటుంది, మనవాళ్లూ కొందరు పొంగిపోతారు. అసలు లెక్కపెట్టినదెవరు? హైదరాబాదుకు కేన్సర్ రిజిస్ట్రీ ఉంది. ఈశాన్య రాష్ట్రాల్లో గిరిజన జిల్లాలకు రిజిస్ట్రీలు పెట్టారు, అప్పుడు తెలిసింది: దేశంలోని రిజిస్ట్రీలన్నిటిలో మగవాళ్లలో కేన్సర్ రేటు ఎక్కువున్నది మిజోరంలోని ఐజ్వాల్‌లో, ఆడవాళ్లలో అరుణాచల్‌లోని పాపుంపారేలో. రెండూ ఆదివాసీ ప్రాంతాలే. లెక్క తెలిశాక అస్సాం ప్రభుత్వం టాటా ట్రస్టులతో కలిసి జిల్లాల్లో కేన్సర్ ఆసుపత్రుల వరుస కట్టడం మొదలుపెట్టింది, 2022 ఏప్రిల్‌లో ఏడింటిని ఒక్కరోజే తెరిచారు. కొండలు, వరదలు అస్సాంలో లేవా? ఒక రాష్ట్ర ప్రభుత్వం తలచుకుంటే ఏం చేయగలదో అక్కడ కనిపిస్తుంది. మాకు మాత్రం లెక్కే లేదు. లెక్క లేదు గనుక కేన్సర్ లేదు, కేన్సర్ లేదు గనుక డబ్బు లేదు.

డబ్బు లేదనే మాట కూడా నిలబడదు. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో గిరిజన ఉప ప్రణాళికకు చట్టం తెచ్చారు. తెలంగాణలో 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం వచ్చింది. జనాభా దామాషాలో మా వాటా పక్కన పెట్టాలని చట్టమే చెప్తుంది. ఆ డబ్బును అందరికీ వేసే రోడ్లకు, అందరికీ ఇచ్చే పథకాలకు సర్ది మా పేరున రాసుకోవడం ఏటా చూస్తున్నాం. 2025-26 బడ్జెట్లో కేంద్రం మూడేళ్లలో అన్ని జిల్లా ఆసుపత్రుల్లో కీమో ఎక్కించే డేకేర్ కేంద్రాలన్నది. జిల్లా ఆసుపత్రి దగ్గర ఆగిపోతే మాకు సగం దారే. ఉప ప్రణాళిక వాటాలోంచి ఐటీడీఏ పరిధి ఆసుపత్రుల్లో కీమో పడకలు పెట్టండి. రేడియేషనుకు పోయే మనిషికీ తోడుకూ పట్నంలో బస, తిండి, పోయిన కూలి ఇవ్వండి. ప్రతి ఐటీడీఏకు ఒక కేన్సర్ రిజిస్ట్రీ, అందులో మా భాష తెలిసిన మా పిల్లలకే ఉద్యోగాలు. ఇవి అడుక్కోవడాలు కావు. మా వాటాలో మా ఖర్చు.

పరిశోధన వద్దనడం లేదు, కానీ దానికి కంచె కావాలి. పెసా చట్టం ప్రకారం మా గుట్టలో కంకర తీయాలంటే గ్రామసభ సిఫారసు ఉండాలి. మా పిల్లల ఒంట్లోకి మందు ఎక్కించడానికి వార్డెన్ సంతకం సరిపోయింది. షెడ్యూల్డు ప్రాంతంలో ఏ వైద్య పరిశోధనైనా గ్రామసభలో, ఆ ఊరి భాషలో చెప్పి, తల్లిదండ్రులను విడివిడిగా అడిగాకే మొదలుకావాలని రాష్ట్ర ప్రభుత్వం జీవో ఇవ్వాలి. అయిపోయాక ఏం తేలిందో అదే సభకు వచ్చి చెప్పాలి.

ఆశ్రమ పాఠశాల టీచర్లకు ఒక మాట. ఈ టీకా మీ బడికి వస్తుంది, మంచి మందుగానే వస్తుంది. పై నుంచి ఫోను కూడా వస్తుంది, సాయంత్రంలోగా సంతకాలైపోవాలని. మీరు పెట్టకండి సారూ. సంత రోజు తల్లులు ఎలాగూ మండలానికి వస్తారు, ఆ రోజు బడికి పిలవండి. ఫారంలో ఉన్నది కోయలో, కొండరెడ్ల ఊళ్లో వాళ్ల మాటలో, గోండుల దగ్గర గోండిలో చదివి చెప్పండి. మీకు రాకపోతే పదో తరగతి పిల్లలకొచ్చు. వద్దన్న తల్లి పేరు కూడా రాసుకోండి, ఎందుకు వద్దందో రాసుకోండి, ఆ కాగితం జిరాక్సు తీసి మీ దగ్గర ఉంచండి.