ఐదు సెకన్లలో ఆవం!

కుండ కాలాలంటే ఆవం దగ్గర గంటల తరబడి కాచుక్కూర్చోవాలి. పంటికి తొడిగే తెల్లటి జిర్కోనియా క్యాప్‌దీ ఇంచుమించు అదే కథ. సుద్దముక్కలా పెళుసుగా ఉండే దాన్ని మామూలుగా 1,450 డిగ్రీల కొలిమిలో గంటలపాటు ఉంచితేగానీ గట్టిపడదు. మరి అదే జిర్కోనియా 850 డిగ్రీల కొలిమిలో, 5 సెకన్లలోపే రాయిలా మారిపోతే?

2010లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో మార్కో కొలోన్యా, రిషి రాజ్ బృందం చేసి చూపించింది ఇదే. దీని పేరు 'ఫ్లాష్ సింటరింగ్'.

సెరామిక్ పొడిని అచ్చులో నొక్కి వేడిచేస్తే అది కరగదు. రేణువులు ఒకదాన్నొకటి అతుక్కుంటాయి. మధ్యనున్న ఖాళీలు మూసుకుపోయి ముక్క కుదించుకుంటుంది, గట్టిపడుతుంది. కొలరాడో బృందం కొలిమి వేడికి తోడు ముక్క రెండు చివర్లకూ తీగలు కలిపి, సెంటీమీటరుకు 120 వోల్టుల చొప్పున విద్యుత్తు ఇచ్చింది.

చల్లగా ఉన్న జిర్కోనియా కరెంటును పోనివ్వదు. వేడెక్కితే మాత్రం దారి వదులుతుంది. కరెంటు పారితే ఇంకా వేడి, వేడెక్కితే ఇంకా కరెంటు... చూస్తుండగానే ముక్క ధగధగా వెలిగిపోతుంది. ఆ క్షణంలో కరెంటుకు కళ్లెం వేయాలి. లేదంటే కరిగిపోతుంది!

ఈ గుణం పాతదే. 1897లో జర్మన్ శాస్త్రవేత్త వాల్తర్ నెర్న్‌స్ట్ దీంతోనే దీపం తయారుచేశాడు. ముందు వేడిచేస్తేగానీ అది వెలిగేది కాదు. కరెంటు అదుపు తప్పకుండా దానికో ఇనుప తీగ కాపలా!

ఇంతకీ పని చేసింది విద్యుత్ క్షేత్రమా, వేడా? కొలిమి 850 డిగ్రీలే అయినా ముక్క అంతకంటే చాలా ఎక్కువ వేడెక్కుతుంది. ఆ వేగమే అసలు రహస్యమని కొందరంటారు. 2020లో మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం బృందం ముక్కలోకి కరెంటు పంపకుండానే, కార్బన్ హీటర్ల మధ్య ఉంచి సుమారు 10 సెకన్లలో సెరామిక్‌ను గట్టిపరచింది. అయినా వాదన తెగలేదు. విద్యుత్ క్షేత్రం అణువుల అమరికలోనే మార్పు తెస్తుందన్నది రెండో వర్గం మాట.

లాభం మాత్రం ఇద్దరికీ తెలుసు. కొలిమి గంటలకొద్దీ మండక్కర్లేదు, ఇంధనం మిగులుతుంది. రేపటి ఘన బ్యాటరీల్లో వాడే సెరామిక్ పలకలకు ఇది మరీ ముఖ్యం. ఎక్కువసేపు కాలిస్తే వాటిలోని లిథియం ఆవిరైపోతుంది మరి.

చిక్కల్లా ఆకారంతోనే. చిన్న కడ్డీ అయితే కరెంటు సమంగా పారుతుంది. పెద్ద పలకలోనో, వంపులున్న పంటి క్యాప్‌లోనో అయితే సులువైన దారి వెతుక్కుంటుంది. ఒకచోట మాడుతుంది, ఇంకోచోట పచ్చిగా మిగులుతుంది.

ఆవంలో మంట అన్ని కుండలకూ సమంగా తగిలేలా చూడటం కుమ్మరి నేర్పు. మెరుపు వేగం చేతికొచ్చినా, శాస్త్రవేత్తలు సాధించాల్సింది ఆ నేర్పే!