అమ్మాయికి ఐ.ఐ.టి. సీటు వస్తుందా?

(చదువుల ముచ్చట)

హోసూరునుంచి ఒక సోదరి నాలుగు పుటల ఉత్తరం వ్రాశారు. వారి అమ్మాయికి పదో తరగతిలో అయిదువందలకు 491 మార్కులు వచ్చాయి. బడికంతటికీ మొదటిది. ఆ రోజునుంచి ఇంట్లో ఒకటే మాట: ఐ.ఐ.టి. వారి బావగారు విజయవాడ వెళ్ళి హాస్టలు కళాశాల కూడా చూసివచ్చారట. "మన తెలుగుదేశమే గదా, బంధువులున్నారు, రెండేళ్ళు కళ్ళు మూసుకుంటే పిల్ల బ్రతుకు బాగుపడుతుంది" అంటున్నారట. ఫీజుకు రోజాతోట తాకట్టు పెట్టాలి. అమ్మాయి మాత్రం అవుననదు, కాదనదు. "అన్నగారూ, మా పిల్లకు సీటు వచ్చే అవకాశం ఎంత? ఉన్నదున్నట్టు చెప్పండి" అని అడిగారు.

ఉన్నదున్నట్టే చెబుతానమ్మా. ముందు లెక్క చూద్దాం.

2024లో జె.ఇ.ఇ. మెయిన్ పరీక్ష వ్రాసినవారు 14 లక్షల పైచిలుకు. అందులో పైనున్న సుమారు రెండున్నర లక్షలమందికే అడ్వాన్స్‌డ్ పరీక్షకు కూర్చునే అర్హత. ఆ ఏడు అడ్వాన్స్‌డ్ వ్రాసినవారు 1,80,200 మంది. అందులో అర్హులుగా తేలినవారు 48,248 మంది. దేశంలో వున్న 23 ఐ.ఐ.టి.లలోనూ కలిపి సీట్లు 17,740. అంటే మెయిన్ వ్రాసినవారిలో ఎనభైమందికి ఒకరు, అడ్వాన్స్‌డ్ వ్రాసినవారిలో పదిమందికి ఒకరు. అర్హుల జాబితాలో పేరు వచ్చిందని మిఠాయిలు పంచుకున్న ఇళ్ళలో సగానికిపైగా సీటు రాని ఇళ్ళేనని గ్రహించండి.

అయితే ఇది లాటరీ కాదు. ప్రతి పిల్లకూ ఎనభైలో ఒక వంతే అవకాశం అనుకోవడమూ పొరపాటే. మీ అమ్మాయి మార్కులనుబట్టి ఆమె శ్రద్ధ గలదని, పాఠం చక్కగా అప్పజెప్పగలదని తెలుస్తున్నది. ఆ పరీక్ష అడిగేది మరొకటి. ఎన్నడూ చూడని లెక్క ఎదురైతే దానితో పెనుగులాడే ఓపిక. అది 491లో కనబడదు. పుస్తకంలో లేని లెక్క ఒకటి, తనకు తెలిసిన పాఠాలతోనే సాధించదగినది, అమ్మాయికి ఇచ్చి చూడండి. గంటసేపు విసుగు లేకుండా కూర్చుంటే, జవాబు రాకపోయినా సరే, ఆశ పెట్టుకోవచ్చు. మార్కులు వస్తాయా రావా అని పది నిమిషాలకే బెంగపడితే ఆ సంగతీ గమనించండి.

ఆడపిల్లకెందుకీ శ్రమ అనేవారి మాట వినకండి. ఐ.ఐ.టి.లలో 2018నుంచి అమ్మాయిలకు అదనపు సీట్లు కేటాయిస్తున్నారు.

ఇక విజయవాడ సంగతి. మన కుటుంబాలవారు చాలామంది ఎరుగని నిబంధన ఒకటుంది. మెయిన్ ర్యాంకుమీద సీట్లిచ్చే ఎన్.ఐ.టి.లలో సగం సీట్లు సొంత రాష్ట్రపు విద్యార్థులకు. సొంత రాష్ట్రమంటే ఏది? తాతలనాటి వూరు కాదు, ఇంట్లో మాట్లాడే భాష కాదు, ఇప్పుడు ఇల్లున్న చోటు కూడా కాదు. పన్నెండో తరగతి ఏ రాష్ట్రంలో పాసైతే అదే. మీ అమ్మాయి హోసూరులో ప్లస్ టూ పాసైతే తిరుచిరాపల్లి ఆమె సొంతం. ఎల్లదాటి బెంగుళూరులో చదివితే సురత్కల్. విజయవాడలో చదివితే తాడేపల్లిగూడెం. బరంపురం పిల్లలకు రూర్కెలా వున్నది. యానాంలోనే చదివినవారికి కారైకాల్ వున్నది. కాకినాడ వెళ్ళి ఇంటర్ చదివితే వారు ఆంధ్ర విద్యార్థులే. ఐ.ఐ.టి.లలో మాత్రం రాష్ట్రాల వంతు లేదు.

ఇది మేము నష్టపోయి నేర్చుకున్న పాఠం. మా తమ్ముడి కొడుకును 2017లో ఇట్లాగే పంపించాము. పంపమని గట్టిగా చెప్పినవాణ్ణి నేనే. అక్కడ వాడి తెలుగులో కన్నడం దొర్లితే తోటి పిల్లలు నవ్వేవారట. మొదటి సెలవులకు వచ్చినప్పుడు భోజనం దగ్గర కూడా నోరు విప్పలేదు. చదువుకుంటున్నాడు గదా, గంభీరంగా వున్నాడనుకున్నాము. రెండేళ్ళయింది. అడ్వాన్స్‌డ్ దాటలేదు, మెయిన్‌లో ర్యాంకు వచ్చింది. సురత్కల్‌కు దరఖాస్తు పెడితే, మూడు తరాలుగా బెంగుళూరులో వున్న ఇంటి పిల్లవాడు పరరాష్ట్రపు వాడయ్యాడు! వాడికంటె వెనుక ర్యాంకు వచ్చిన పక్కింటి కుర్రవాడు, ఊరు కదలనివాడు, అక్కడ చేరాడు. తప్పెవరిది? నిబంధన చదవని పెద్దలది. మావాడు బెంగుళూరులోనే మరొక కళాశాలలో చదివి ఇప్పుడు చక్కని వుద్యోగంలో వున్నాడు. కాని ఆ రెండేళ్ళ సంగతి ఈనాటికీ ఎత్తడు. అడిగే ధైర్యం నాకూ లేదు.

విజయవాడ వెళ్ళి బాగుపడ్డ పిల్లలు లేరనను, చాలామందే వున్నారు. ఇష్టపడి వెళ్ళినవారికి ఆ పోటీ మేలే చేస్తుంది. మీ బావగారి కోరికలోనూ పిల్లమీది ప్రేమే వుంది. కాని వెళ్ళేముందు మూడు పనులు చేయండి. ఒకటి, సీట్ల పంపకం చేసే జోసా వారు ప్రకటించే నిరుటి ముగింపు ర్యాంకులు తెప్పించి, తిరుచిరాపల్లిలో సొంత రాష్ట్రపు వరుసకూ పరరాష్ట్రపు వరుసకూ తేడా ఎంతో శాఖవారీగా చూడండి. రెండు, తమిళనాడులో ఇంజనీరింగు సీట్లు ప్లస్ టూలో గణిత, భౌతిక, రసాయన శాస్త్రాల మార్కులమీదనే ఇస్తారు, వేరే ప్రవేశపరీక్ష లేదు. చెన్నైలోని గిండీ కళాశాలకూ అదే దారి. పాఠం తప్పులేకుండా వ్రాసే మీ అమ్మాయి బలం అక్కడ పూర్తిగా లెక్కకు వస్తుంది. ఆ దారిని చిన్నచూపు చూడవద్దు. మూడు, అడ్వాన్స్‌డ్ వ్రాయడానికి వరుసగా రెండేళ్ళలో రెండు అవకాశాలే వున్నాయి. మూడోసారి వుంటుందనుకుని తోటను రెండోసారి తాకట్టు పెట్టకండి.

ఇక మీ ప్రశ్నకు జవాబు. ఐ.ఐ.టి. సీటు రావచ్చు, రాకపోయేందుకే ఎక్కువ అవకాశం. ఎంత తెలివిగల పిల్ల విషయంలోనైనా ఇదే చెబుతాను. కనుక ఆ సీటు రాకపోయినా నష్టపడని ఏర్పాటు చేసుకుని, అప్పుడు ప్రయత్నించనివ్వండి. ఇంటి దగ్గరే వుండి ప్రయత్నించినా ప్రయత్నమే.

మీ ఉత్తరంలో బావగారి మాటలున్నాయి, అత్తగారి మాటలున్నాయి, మీ భయమూ వుంది. అమ్మాయి మాట ఒక్కటీ లేదు. అవుననని, కాదనని పిల్లను ఒకనాటి సాయంత్రం తోటలోకి తీసుకువెళ్ళి, మీరు తక్కువ మాట్లాడి, ఆమెను మాట్లాడనివ్వండి. ఏమన్నదో వచ్చే ఉత్తరంలో వ్రాయండి.