పడ్డాక ఎవరూ మాట్లాడరేం?

మియాపూర్ మెట్రో దిగి బాచుపల్లి వైపు రావాల్సినవాళ్లకి రాత్రి తొమ్మిది దాటిందంటే యాప్ బండ్లే దిక్కు. సిటీ బస్సు ఎప్పుడొస్తుందో తెలియదు. షేర్ ఆటో నిండితే గానీ కదలదు. ప్రగతినగర్, నిజాంపేట, మల్లంపేట, గండిమైసమ్మ... హైటెక్ సిటీలో పని చేస్తూ ఇటువైపు అద్దె గదుల్లో, హాస్టళ్లలో తలదాచుకునే పిల్లలు ఎంతమందో. ఫోన్‌లో ఒక్క నొక్కు నొక్కితే బండి వచ్చి ముందు ఆగుతుంది. బండి నంబరు, నడిపే అబ్బాయి ఫొటో, ఎక్కడ మలుపు తిరుగుతున్నాం, ఏ నిమిషానికి ఇల్లు చేరతాం, అన్నీ ఆ కంపెనీకి తెలుసు. అదే బండి గుంతలో పడి మనిషి తారు మీద దొర్లాడంటే మాత్రం ఆ కంపెనీకి ఏమీ తెలియదు. మేం రవాణా సంస్థ కాదు, టెక్నాలజీ ప్లాట్‌ఫామ్ మాత్రమే అంటుంది. ప్రతి రైడు మీద కమీషనో, రోజువారీ ఫీజో గుంజుకునేటప్పుడు అడ్డురాని ఈ మాట కాలు విరిగినప్పుడే ఎందుకు గుర్తొస్తుంది?

ఈ రోడ్డు సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. 2023 ఆగస్టులో ఇదే బాచుపల్లిలో తండ్రి బండి మీద బడికి వెళ్తున్న ఎనిమిదేళ్ల పాప కిందపడి స్కూలు బస్సు చక్రాల కింద ప్రాణం వదిలింది. గుంతల రోడ్డు మీద బండి అదుపు తప్పింది. ఆ ఏడాది దేశం మొత్తం మీద రోడ్లపై పోయిన ప్రాణాలు లక్షా 72 వేల పైమాటే. అందులో దాదాపు 45 శాతం రెండు చక్రాల బండ్ల మీద ఉన్నవాళ్లవే. ఇది ఎవరికీ తెలియని విషయం కాదు. బైకు వెనక సీటును టికెట్ సీటుగా మార్చి అమ్ముకున్న కంపెనీలకీ తెలుసు, అమ్ముకోనిచ్చిన ప్రభుత్వాలకీ తెలుసు.

మా అపార్ట్‌మెంట్ ఎదురు హాస్టల్లో ఒక కుర్రాడు ఉండేవాడు. నల్గొండ వైపు పల్లె, తండ్రి కౌలు రైతు. వానాకాలంలో ఒక రాత్రి షిఫ్టు ముగించుకుని బైక్ ట్యాక్సీ మీద వస్తూ పడ్డాడు. తొడ ఎముక రెండు ముక్కలైంది. ఆస్పత్రి కౌంటర్లో మొదటి మాట డిపాజిట్. ప్రమాద బాధితులకి క్యాష్‌లెస్ పథకం ఉంది కదమ్మా అని నేనడిగితే ఆ అమ్మాయి కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండా, "మా దగ్గర లేదండీ, కార్డా క్యాషా?" అంది. తెల్లారేసరికి తండ్రి వచ్చాడు. కొడుకు ఫోన్ నా చేతికిచ్చి ఇందులో ఏం రాశారో చదవమన్నాడు. అంతా ఇంగ్లీషే. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం, ఈ రైడ్ చార్జీ మీ వాలెట్‌లో తిరిగి జమ చేశాం అని ఉంది. చదివి చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "గీ కంపెనోళ్లకు తెలుగు రాదా సార్? ఫోన్ కలిపితే నేనే మాట్లాడ్త" అన్నాడు. కలపడానికి నంబరే లేదు. యాప్‌లో చాట్ పెట్టె ఒక్కటే ఉంది. అందులో ఏ ప్రశ్న వేసినా అదే సమాధానం తిప్పి తిప్పి వస్తోంది.

రాష్ట్ర భాషలో మాట్లాడే కాల్‌సెంటర్ రాత్రీ పగలూ నడపాలని యాప్ బండ్ల కంపెనీలకి కేంద్రం 2020 నవంబరులో ఇచ్చిన అగ్రిగేటర్ మార్గదర్శకాల్లోనే ఉంది. ఆ తండ్రి అడిగింది దానం కాదు. కాగితం మీద తనకున్న హక్కు అడిగాడు. అలాంటి హక్కు ఒకటుందని ఆయనకి చెప్పే నాథుడు లేడు.

బండి నడిపిన అబ్బాయి సంగతి ఇంకా ఘోరం. భుజం ఎముక విరిగి అతనూ పక్క వార్డులోనే పడి ఉన్నాడు. మర్నాటికల్లా ఐడీ బ్లాక్. మొన్నటిదాకా అతను పార్ట్‌నర్, కెప్టెన్. ఇప్పుడు ఎవరికీ ఏమీ కాడు. బండి వైట్ ప్లేటు, అంటే సొంతానికి రిజిస్టరైంది. ఆర్సీ బావమరిది పేరు మీద. ఇన్సూరెన్స్ ఉంది గానీ ఉత్త థర్డ్ పార్టీ.

అసలు మెలిక ఇక్కడే ఉంది, కాస్త నిదానంగా చెప్పాలి. ఎల్లో ప్లేటు క్యాబ్ ఎక్కి ప్రమాదానికి గురైతే, ఆ క్యాబ్‌కి కమర్షియల్ పాలసీ అమల్లో ఉంటే, లోపల కూర్చున్న ప్రయాణికుడికి ఆ తప్పనిసరి బీమా వర్తిస్తుంది. చావుకీ గాయాలకీ ఇంతే అని పైపరిమితి లేదు, మోటారు ప్రమాద క్లెయిమ్‌ల ట్రైబ్యునల్ ఎంత తేలిస్తే అంత కట్టాలి. వైట్ ప్లేటు బైకు వెనక కూర్చున్నవాడి కథ వేరు. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే వెనక కూర్చున్నవాడు అందులోకి రాడని 2006లో తిలక్ సింగ్ కేసులో, 2008లో సుధాకరన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఫుల్ ఇన్సూరెన్స్ ఉంటే వెనకవాడికీ రక్షణ ఉంటుందని 2012లో బాలకృష్ణన్ కేసులో తేల్చింది. అయితే సొంతానికి తీసుకున్న పాలసీ మీద బండిని కిరాయికి తిప్పారు, షరతు తప్పారు అని బీమా కంపెనీ అడ్డం తిరుగుతుంది. కోర్టు దయతలిస్తే ముందు మీరు కట్టండి, తర్వాత ఓనర్ దగ్గర రాబట్టుకోండి అంటుంది. లేదంటే నష్టపరిహారం మొత్తం ఆ బావమరిది నెత్తిన పడుతుంది. నెల తిరిగేసరికి బండి ఈఎంఐ కట్టలేనివాడి దగ్గర ఎన్ని లక్షలు రాబడతారు?

బుక్ చేసిన కుర్రాడికి ఇదంతా ఎవరైనా చెప్పారా? ఈ బండి మీద పడితే నీకు బీమా రాకపోవచ్చు అని తెర మీద ఒక్క ముక్క కనిపించిందా? చినుకు పడితే రేటు పెంచామని మాత్రం ఎర్ర అక్షరాల్లో చెబుతారు. ఆ బండి ఆర్సీ, పాలసీ కాగితం, లైసెన్సు అన్నీ రిజిస్ట్రేషన్ రోజునే అప్‌లోడ్ చేయించుకున్నారు. తెలిసే ఆ సీటు అమ్మారు.

2025 జులైలో కేంద్రం కొత్త మార్గదర్శకాలు తెచ్చింది. ప్రయాణికుడికి కనీసం 5 లక్షల బీమా, డ్రైవర్‌కి 5 లక్షల ఆరోగ్య బీమా, 10 లక్షల టర్మ్ బీమా కంపెనీయే చేయించాలంది. బాగానే ఉంది. కానీ సొంత బైకుల మీద ప్రయాణికుల్ని ఎక్కించుకోవచ్చా లేదా అన్నది రాష్ట్రాల ఇష్టానికి వదిలేసింది. ఇక మోటారు వాహనాల చట్టం 193వ సెక్షన్ చూడండి. లైసెన్సే లేకుండా అగ్రిగేటర్ వ్యాపారం చేస్తే జరిమానా 25 వేల నుంచి లక్ష. లైసెన్సు తీసుకుని, ముఖ్యమైనదని రాష్ట్రం ప్రకటించని షరతును ఉల్లంఘిస్తే 5 వేలు. అంటే ఏది ముఖ్యమో రాష్ట్రం నోరు తెరిచి చెప్పకపోతే కంపెనీ 5 వేలతో బయటపడుతుంది. ఇక్కడ హాస్టల్లో నెలకి కట్టే డబ్బు అంతకన్నా ఎక్కువ.

క్యాష్‌లెస్ పథకం కథ చెబితే కడుపు మండుతుంది. ప్రమాదంలో గాయపడినవాళ్లకి మొదటి గంటలోనే డబ్బు అడగకుండా వైద్యం చేయాలన్న 162వ సెక్షన్ 2022 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. పథకం ఎక్కడా అని మూడేళ్లు ఎవరూ పట్టించుకోలేదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు గడువు పెట్టి గద్దిస్తే, ఆ గడువూ దాటించి మే నెలలో నోటిఫికేషన్ ఇచ్చారు. నమోదైన ఆస్పత్రుల్లో ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల దాకా లక్షన్నర వరకు చికిత్స. ఆ మూడేళ్లలో డిపాజిట్ కట్టలేక ఆస్పత్రి మెట్ల దగ్గర ఆగిపోయిన ప్రాణాల లెక్క ఎవరు చెబుతారు? పథకం వచ్చాక అయినా కౌంటర్లో కూర్చున్న అమ్మాయికి ఆ సంగతి చెప్పే బాధ్యత ఎవరికీ లేదా?

పోలీస్ స్టేషన్ దాకా వెళ్తే అక్కడ ఇంకో పాట. కేసెందుకు, కోర్టుల చుట్టూ తిరుగుతావా పెద్దాయనా, ఆ అబ్బాయి కూడా పేదోడే, ఎంతో కొంత మాట్లాడుకుని రాజీ చేసుకోండి. ఆ కౌలు రైతు ముందు పెట్టిన రాజీ కాగితంలో ఉన్నది 30 వేలు. ఆపరేషన్ ఖర్చులో పదో వంతు కూడా కాదు. ఎఫ్‌ఐఆర్ లేకపోతే క్లెయిమ్‌కి కాళ్లే ఉండవు. ప్రమాదం సంగతి 48 గంటల్లో ట్రైబ్యునల్‌కీ బీమా కంపెనీకీ తెలపడం, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు, పాలసీ వివరాలు సేకరించడం, మూడు నెలల్లో పూర్తి నివేదిక పంపడం పోలీసుల పని అని 159వ సెక్షన్, 2022 నిబంధనలు చెబుతున్నాయి. 2022 డిసెంబరులో గోహర్ మొహమ్మద్ కేసులో సుప్రీంకోర్టు అదే మాట ఖరాఖండిగా చెప్పింది. బాధితుడు కాగితాల కోసం కాళ్లరిగేలా తిరగాల్సిన పని లేదని చట్టం అంటుంటే, స్టేషన్ బెంచీ మీద కూర్చోబెట్టి బేరం ఆడిస్తారా?

ఆ 30 వేలకి సంతకం పెడితే ఏం పోతుందో లెక్క వేసి చూపిస్తాను. నెలకి 20 వేలు సంపాదించే 22 ఏళ్ల కుర్రాడు అనుకోండి. గాయం వల్ల సంపాదించే శక్తి 20 శాతం శాశ్వతంగా తగ్గిందని తేలితే ఏడాదికి నష్టం 48 వేలు. 2009 సరళా వర్మ తీర్పు ప్రకారం ఆ వయసుకి గుణకం 18. అంటే 8 లక్షల 64 వేలు. 2017 ప్రణయ్ సేథీ తీర్పు చెప్పిన 40 శాతం భవిష్యత్ పెరుగుదల కలిపితే 12 లక్షల 9 వేల 600. వైద్యం ఖర్చు, పడ్డ బాధ, పోయిన జీతం దీనికి అదనం. పన్నెండు లక్షల హక్కుని 30 వేలకి రాయించుకోవడాన్ని రాజీ అంటారా? తెలియనితనాన్ని దోచుకోవడం అంటారు.

గడువు సంగతి కూడా చెప్పాలి. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు క్లెయిమ్ వేయాలన్న షరతుని 2019 సవరణలో తెచ్చి 2022లో అమల్లో పెట్టారు. అంతకు ముందు ఏళ్ల తరబడి అలాంటి గడువే లేదు. దాన్ని సుప్రీంకోర్టులో సవాలు చేశారు. ఏమైనా, మంచం మీద ఉన్నవాడికి ఆరు నెలలు ఎంతసేపు? రాడ్డు వేసిన కాలు నేల మీద ఆనేసరికే సగం గడువు పోతుంది. ఇది రాసినవాళ్లు ఎప్పుడైనా ఆర్థోపెడిక్ వార్డు ముఖం చూశారా?

బాధపడుతున్న ఇళ్లవాళ్లకి నాకు తెలిసింది చెబుతాను. కంపెనీ ఐడీ బ్లాక్ చేసేలోపే రైడ్ వివరాలు, బండి నంబరు, మ్యాప్ అన్నీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఆస్పత్రిలో మెడికో లీగల్ కేసు (ఎమ్మెల్సీ) అని రాయించండి. కేసు ప్రమాదం జరిగిన ఊళ్లోనే వేయాలని లేదు, మీరుండే చోటి ట్రైబ్యునల్‌లోనే వేయొచ్చు. ఆ నల్గొండ తండ్రి తన జిల్లాలోనే వేసుకోవచ్చు. తప్పెవరిదో తేల్చే పని లేకుండా 164వ సెక్షన్ కింద మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు అడగొచ్చు. అయితే అదీ, తప్పు నిరూపించి పూర్తి పరిహారం అడిగే 166వ సెక్షన్ క్లెయిమూ రెండూ కుదరవు, లాయర్‌తో మాట్లాడి ఒకటి ఎంచుకోవాలి. ఆడవాళ్లకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయ సేవా సంస్థలో లాయర్‌ని ఉచితంగా ఇస్తారు. లైసెన్సులో ట్రాన్స్‌పోర్ట్ ముద్ర లేదని క్యాబ్ క్లెయిమ్ కొట్టేస్తామని బెదిరిస్తే, 2024 నవంబరులో రంభాదేవి కేసులో అయిదుగురు జడ్జీల ధర్మాసనం ఏం చెప్పిందో అడగండి. ఏడున్నర టన్నుల లోపు బండికి మామూలు ఎల్‌ఎంవీ లైసెన్సు చాలు.

బండి నడిపేవాళ్ల మీద నాకు కోపం లేదు. పడ్డ రోజున వాళ్లకీ ఎవరూ లేరు. 2023 డిసెంబరులో నాంపల్లిలో గిగ్ కార్మికులతో కూర్చుని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి 5 లక్షల ప్రమాద బీమా ప్రకటించారు. 2025 ఏప్రిల్‌లో గిగ్ కార్మికుల బిల్లు ముసాయిదా బయటపెట్టారు. సామాజిక భద్రత కోసం షేక్ సలావుద్దీన్ లాంటి యూనియన్ నాయకులు ఏళ్ల తరబడి గొంతు చించుకుంటున్నారు, 2021లో సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. ప్రకటన నాంపల్లిలో వినబడితే సరిపోదు. భుజం విరిగి ఆస్పత్రిలో పడి ఉన్న ఆ అబ్బాయి మంచం దాకా రావాలి. అతన్ని ఎవరూ పలకరించలేదు. ఐడీ ఎందుకు ఆపారో అయినా చెప్పండన్నా అని అతను నన్నే అడిగాడు.

రవాణా శాఖ చేయాల్సింది కష్టమైన పనేం కాదు. బుక్ చేసే ముందే ఆ బండి పాలసీ ప్రయాణికుడికి వర్తిస్తుందో లేదో తెలుగులో తెర మీద కనిపించాలి. కనిపించకపోతే రైడ్ నడవకూడదు. ప్రమాదం జరిగిన 24 గంటల్లో పాలసీ కాపీ, ఆర్సీ, రైడ్ రికార్డు బాధితుడి చేతికీ స్టేషన్‌కీ కంపెనీయే పంపాలి. దాన్ని లైసెన్సులో ముఖ్యమైన షరతుగా ప్రకటించాలి, 5 వేలతో తప్పించుకునే దారి మూసేయాలి. మియాపూర్ నుంచి గండిమైసమ్మ దాకా ప్రతి ఆస్పత్రి కౌంటర్ మీద లక్షన్నర క్యాష్‌లెస్ పథకం సంగతి పెద్ద అక్షరాల్లో రాయించాలి. ఇందులో ఏ ఒక్కదానికీ పార్లమెంటు కూర్చోనక్కర్లేదు. ఒక జీవో చాలు. ఆ జీవో ఇవ్వడానికి అడ్డం ఏమిటో రవాణా శాఖ మంత్రి బాచుపల్లి వచ్చి మాకు చెప్పాలి.